నానో రక్తం లెక్కల్లో శరీరానికి సరిపడే అంకెలు వేయాలి

సంపాదకులకు నమస్కారం.

నానో కణాలు కలిపిన రక్తం రక్తనాళంలాంటి సన్నని కాలువలో ఎలా పారుతుంది, వేడిని ఎలా మోసుకుపోతుంది అన్నది అనువర్తిత గణితంలో ఇప్పుడు బాగా నలుగుతున్న అంశం. క్యాన్సర్ గడ్డను వేడితో చంపడానికి ఇది పనికొస్తుందని పరిశోధన పత్రాల మొదటి పేరాలోనే రాస్తారు. సమీకరణాలు సాధించడంలో మన పిల్లలకు ఏ లోటూ లేదు. మా బెంగంతా వాటిలో వేస్తున్న అంకెల గురించే.

కణాల పాలు, అంటే రక్తంలో వాటి వాటా, సంగతే చూడండి. గ్రాఫుల్లో ఘనపరిమాణంలో 1 నుంచి 4 శాతం దాకా వేస్తుంటారు. బంగారం సాంద్రత ఘనమీటరుకు 19,300 కిలోలు. అందులో 4 శాతమంటే లీటరు రక్తానికి 772 గ్రాములు. ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉందనుకుంటే 3.86 కిలోలు, తులం పది గ్రాముల లెక్కన 386 తులాలు! ఏ డాక్టరూ అంత ఎక్కించడు. రక్తహీనతకు ఇచ్చే ఫెరుమాక్సిటాల్ ఐరన్ ఆక్సైడ్ నానో కణాల మందే. ఒక డోసులో 510 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అది ఒళ్లంతా కలిస్తే ఘనపరిమాణంలో 0.003 శాతానికి కూడా చేరదు. కణాలు కలిపిన ద్రవం ఉష్ణవాహకతను లెక్కగట్టే 1873 నాటి మాక్స్‌వెల్ సూత్రంలో ఆ విలువ వేసి చూస్తే ఉష్ణవాహకత పెరుగుదల 0.01 శాతం లోపే. ఇక 'నానో కణాల వల్ల వేడి ప్రసారం బాగా పెరిగింది' అన్న ముగింపు ఎక్కడ నిలుస్తుంది? నిజానికి వేగంగా దిశ మారే అయస్కాంత క్షేత్రంలో ఐరన్ ఆక్సైడ్ కణాలే వేడిని పుట్టిస్తాయి, గడ్డ కాగేది దానివల్ల. కనుక శక్తి సమీకరణంలో ఆ ఉష్ణోత్పత్తి పదం ఉండాలి. చుట్టూ ఉన్న కణజాలానికి రాసే సమీకరణంలో, రక్తం లాక్కెళ్లే వేడికి పెన్నెస్ 1948లో ఇచ్చిన పదం ఉండాలి. చాలా పత్రాల్లో ఈ రెండూ కనిపించవు.

అయస్కాంతం దగ్గర పొరపాటు ఇంకా పెద్దది. రక్తం విద్యుద్వాహకత మీటరుకు దాదాపు 0.7 సీమెన్స్, స్నిగ్ధత (చిక్కదనం) 0.0035 పాస్కల్ సెకను. రెండు మిల్లీమీటర్ల కాలువలో, సగం వెడల్పు ఆధారంగా కట్టే హార్ట్‌మన్ సంఖ్య (స్నిగ్ధతతో పోలిస్తే అయస్కాంత బలం ఎంతో చెప్పేది) 1 కావాలంటే సుమారు 70 టెస్లాల క్షేత్రం కావాలి. ఆసుపత్రి ఎంఆర్ఐ యంత్రాలు సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాలు. 3 దగ్గర ఆ సంఖ్య 0.04 మాత్రమే. అయినా గ్రాఫుల్లో 1, 2, 5 అని వేసి, అయస్కాంతంతో రక్తవేగం తగ్గించవచ్చని రాస్తారు. ఐరన్ ఆక్సైడ్ కణాలను లాగేది క్షేత్రపు తీవ్రతలో చోటుచోటుకీ ఉండే తేడా. లోరెంజ్ బలం (విద్యుత్తును మోసే ద్రవం పారుతుంటే దానిపై అయస్కాంత క్షేత్రం చూపే బలం) ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఆ లాగుడు లెక్కలోకే రాదు.

ద్రవంలో వేగం వ్యాపించే తీరును వేడి వ్యాపించే తీరుతో పోల్చే ప్రాండిల్ సంఖ్యకు 6.2 వేయడమూ తరచు చూస్తాం. అది 25 డిగ్రీల నీటిది. పైన చెప్పిన స్నిగ్ధతతో, రక్తానికి విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి 3600 జౌళ్లు, ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.5 వాట్లు తీసుకుంటే 25 వస్తుంది. గోడ ఉష్ణోగ్రత కూడా 37, 43 డిగ్రీల మధ్యే ఉండాలి. అంతకు మించితే ఆరోగ్యంగా ఉన్న కణజాలమూ దెబ్బతింటుంది.

స్నిగ్ధతకు కాసన్ నమూనా మంచిదే, కొంత బలం పడితేగానీ రక్తం కదలదని చెప్పేది అది. రక్తం కదలడానికి కావలసిన కనీస ప్రతిబలం (చదరపు మీటరుపై పడే బలం) దాదాపు 0.005 పాస్కల్. కాలువ సగం వెడల్పు 0.1 మిల్లీమీటరు, సగటు వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు అయితే గోడ దగ్గర ప్రతిబలం సుమారు 0.1 పాస్కల్. అంటే నడిమి 5 శాతం ముద్దగా కదులుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ముద్ద సన్నబడుతుంది, అప్పుడు కాసన్‌కూ మామూలు ద్రవానికీ తేడా తగ్గిపోతుంది. గొట్టం వ్యాసం 0.3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మరో చిక్కు: ఎర్రకణాలు నడిమికి జరిగి, గోడ పక్కన ప్లాస్మా పొర మిగిలి, స్నిగ్ధతే తగ్గినట్టు కనిపిస్తుంది. ఫారేయస్, లిండ్‌క్విస్ట్ 1931లోనే చూపిన సంగతి ఇది. కాలువ వెడల్పు ఎర్రకణం వ్యాసమైన 8 మైక్రాన్ల దాపుకు వస్తే రక్తాన్ని ఏకరూప ద్రవంగా చూసే సమీకరణాలే పనికిరావు.

పరిశోధకులు ముందు కణాల పాలు, కనీస ప్రతిబలం, అయస్కాంత క్షేత్రం మూడూ సున్నా చేసి ప్రోగ్రామ్ నడపాలి. సమాంతర పలకల మధ్య గరిష్ఠ వేగం సగటుకు ఒకటిన్నర రెట్లు రావాలి. రెండు గోడల ఉష్ణోగ్రతా ఒకటే అయితే, పలకల ఎడానికి రెట్టింపును కొలతగా తీసుకున్నప్పుడు, ప్రవేశభాగం దాటాక నసెల్ట్ సంఖ్య (గోడ నుంచి ద్రవానికి వేడి ఎంత బాగా చేరుతుందో చెప్పేది) 7.54 రావాలి. రాకపోతే ముందుకు పోవద్దు, మెష్‌నో (లెక్క కోసం కాలువను విడగొట్టే గళ్లు) సరిహద్దు షరతునో (గోడల దగ్గర పెట్టే విలువలు) సరిచూసుకోవాలి.

వరంగల్ నిట్ (జాతీయ సాంకేతిక విద్యా సంస్థ), కాకతీయ వైద్య కళాశాల రెండూ 1959లో మొదలైన సంస్థలే, ఉన్నదీ ఒకే ఊళ్లో. కాకతీయ విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఉంది. ఈ అంశంపై పరిశోధనకు పేరు నమోదు చేసుకునే ప్రతి విద్యార్థికీ వైద్య కళాశాల నుంచి ఒక సహ మార్గదర్శిని ఇవ్వాలనీ, సిద్ధాంత గ్రంథంలో గ్రాఫుల కంటే ముందు టెస్లా, మిల్లీగ్రాము, డిగ్రీ లెక్కన అసలు విలువల పట్టిక పెట్టించాలనీ ఈ సంస్థల పరిశోధన మండళ్లను కోరుతున్నాం.

– ద్రవయాంత్రిక శాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు, హనుమకొండ