రూమ్ రెంట్ పేరుతో మందులకూ, ఇంప్లాంట్‌కూ కోత: మా అమ్మ క్లెయిమ్‌పై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
ఆరోగ్య బీమా విభాగం

విషయం: ప్రపోర్షనేట్ డిడక్షన్ (గది అద్దె పరిమితి దాటితే మిగతా బిల్లునూ అదే నిష్పత్తిలో తగ్గించడం) పేరుతో తగ్గించిన 1,08,000 రూపాయలు చెల్లించాలని విజ్ఞప్తి

అయ్యా,

మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగితే, గుంటూరులో మీ నెట్‌వర్క్ ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేయించాం. బిల్లు 3,20,000 రూపాయలు అయింది. ఆమె పేరున 5 లక్షల పాలసీ ఉంది. మీరు మంజూరు చేసింది 2,00,000. మిగతా 1,20,000 డిశ్చార్జ్ రోజున అప్పటికప్పుడు అప్పు తెచ్చి కట్టాం.

కోతకు మీ సెటిల్‌మెంట్ లెటర్‌లో రాసిన కారణం ‘ప్రపోర్షనేట్ డిడక్షన్’ అన్న ఒక్క ముక్క. ఏ నిబంధన కింద, దేనికి ఎంత తగ్గించారో లేదు. బిల్లు ముందు పెట్టుకుని నేనే లెక్క తీశాను.

పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000. మేం తీసుకున్న గది 8,000. ఆ రోజు అంతకంటే తక్కువలో గది ఖాళీ లేదు, నొప్పితో అరుస్తున్న మనిషిని స్ట్రెచర్ మీద ఉంచి ఎదురుచూడలేం. నాలుగు రోజులకు తేడా 12,000. అది మాదే, కాదనడం లేదు. కానీ మీరు 8,000లో 5,000 అంటే 62.5 శాతం అని పట్టుకుని, బిల్లులో ప్రతి పద్దుకూ అదే వర్తింపజేశారు. తుంటిలో అమర్చిన 1,10,000 ఇంప్లాంట్‌కు 68,750 ఇచ్చారు. మందులకు 48,000 అయితే 30,000, పరీక్షలకు 24,000 అయితే 15,000. ఐసీయూ ఛార్జీ 10,000 పాలసీ పరిమితిలోనే ఉన్నా 6,250తో సరిపెట్టారు. గది మారితే ఇంజెక్షన్ ధర మారుతుందా?

ఇలా చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 జూన్‌లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చును ఈ కోతలోకి తేకూడదు. ఐసీయూ ఛార్జీలకు అసలు వర్తింపజేయకూడదు. గదిని బట్టి రేటు మారని ఖర్చులకు కూడా కోత ఉండకూడదు. ఇవే మాటలు మీరు మాకిచ్చిన పాలసీ పుస్తకంలో కూడా ఉన్నాయి. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, అనస్థీషియా కలిపి 96,000 అయితే మీరిచ్చింది 60,000. ఈ ఛార్జీలు ఏ గదిలో ఉన్నా ఒకటేనని ఆస్పత్రి బిల్లింగ్ విభాగం రాసిచ్చిన లెటర్ జతచేస్తున్నాను. అంటే మీరు న్యాయంగా తగ్గించగలిగింది గది తేడా 12,000 మాత్రమే.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఓపిగ్గా విని, “సిస్టమ్ అలా లెక్కేసింది సార్” అంది. ఆమెను తప్పుపట్టను. కానీ సిస్టమే ఇలా లెక్కేస్తుంటే ఇది మా ఒక్కరికి జరిగిన పొరపాటు కాదు. బిల్లు చదవడం రాని వాళ్లు, చదివే ఓపిక లేని వాళ్లు ఎంతమంది నోరు మూసుకుని కట్టేసి ఉంటారు?

డిశ్చార్జ్ రోజు సంగతి కూడా చెప్పాలి. ఆస్పత్రి నుంచి రిక్వెస్ట్ వచ్చిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మే మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. మాకు ఉదయం పంపితే రాత్రికి వచ్చింది. గది ఖాళీ చేయమని నర్సులు, అప్రూవల్ రాలేదని బిల్లింగ్ కౌంటర్. కుట్లతో ఉన్న అమ్మ అంతసేపూ చక్రాల కుర్చీలోనే ఉంది.

ఆమెకు 68 ఏళ్లు. 70 నిండిన వారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వైద్యం అందుతోంది, ఆమెకు ఇంకా ఆ వయసు రాలేదు. ఎన్టీఆర్ వైద్య సేవకు మాకు అర్హత లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న మాలాంటి కుటుంబాలకు దిక్కు మీ పాలసీయే. అందుకే ఏటా ప్రీమియం గడువు దాటకుండా కడుతున్నాం.

క్లెయిమ్‌ను మళ్లీ లెక్కించి 1,08,000 రూపాయలు చెల్లించండి. మీరు ఒప్పుకోని పద్దు ఉంటే దానికి వర్తించే నిబంధన నంబరుతో సహా రాతపూర్వకంగా తెలియజేయండి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క సరిచేసి, ఇలాగే కోతపడిన పాత క్లెయిమ్‌లను మీరే తిరిగి చూడండి. కొత్త పాలసీలు అమ్మేటప్పుడు గది అద్దె పరిమితి దాటితే బిల్లు ఎంత తగ్గుతుందో ఒక ఉదాహరణతో మొదటి పేజీలోనే వేయండి. మాకు అమ్మిన ఏజెంట్ ఈ మాటే ఎత్తలేదు.

14 రోజుల్లో జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే బీమా వివాదాలు పరిష్కరించే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
పాలసీదారు కుమారుడు,
గుంటూరు

జతపరచినవి: ఆస్పత్రి బిల్లు, సెటిల్‌మెంట్ లెటర్, బిల్లింగ్ విభాగం ఇచ్చిన లెటర్, పాలసీ కాపీ