నా మీద అర్జీ నా టేబుల్ మీదికే

ఒరేయ్ గైడూ,

ముందే తిట్టకు. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైందని నాకూ తెలుసు. టేబుల్ సొరుగులోనే ఉంది, తీసినప్పుడల్లా నన్ను చూసి గుర్రుమంటోంది. డిసెంబరంతా సర్పంచ్ ఎలక్షన్లు, జనవరి ఆఖర్లో నాలుగు రోజులు మేడారం జాతర డ్యూటీ. మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు చదివీ చదివీ గొంతు పోయి, వారం రోజులు సైగలతోనే బతికాను. అమ్మ బాగుంది. నాయినకు షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, నోరే కంట్రోల్‌లో లేదు. చెల్లి బీఈడీ రెండో సంవత్సరం. బండి అదే, కిక్కు కూడా అదే. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు.

మా పెద్దమ్మ నా మీద కలెక్టర్‌కు అర్జీ పెట్టింది.

అవును, ఆ పెద్దమ్మే. సంక్రాంతికి మన నయీంనగర్ రూముకు సకినాల డబ్బా పంపేది చూడు. నువ్వు అర్ధరాత్రి దుప్పటి ముసుగులో కరకరలాడిస్తుంటే ఎలుకలనుకుని నేను చెప్పు పట్టుకుని లేచాను, గుర్తుందా? ఆ డబ్బా పెద్దమ్మ.

మొదటి నుంచి చెబుతాను. పెద్దమ్మకు తల్లిగారింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. నా కర్మకొద్దీ అది నేను పనిచేసే మండలంలోనే ఉంది. 2017లో భూరికార్డుల ప్రక్షాళన అని ఊరూరా తిరిగి, ఆ తర్వాత కొత్త పాసుబుక్కులు ఇచ్చారు కదా. అందులో 1.20 ఉండాల్సిన చోట 1.02 పడింది. సున్నా ఒక్క అడుగు ముందుకు జరిగింది, పద్దెనిమిది గుంటలు మాయం. సర్కారిచ్చే రైతు భరోసా సాయం ఎకరానికి సీజనుకు 6,000 అనుకో, ఈ సున్నా దెబ్బకు పెద్దమ్మకు సీజనుకు 2,700 పోతోంది. అంతకుముందు రైతుబంధులో ఎంత పోయిందో లెక్క కట్టి చెప్పింది కూడా. చదువు రాదు కానీ గుంటల లెక్క మనిద్దరి కన్నా ఆమెకే బాగా వచ్చు.

మనం ఒకే బండి మీద పోయి 2023 జులై 1న గ్రూప్-4 రాశామా, 2024 నవంబరులో లిస్టు వచ్చిందా. (నీ నంబరు కోసం ఆ లిస్టును ఎన్నిసార్లు వెతికానో... వద్దులే, అది ఇంకో ఉత్తరం.) జాయినైన వారానికే పెద్దమ్మ సంచీలో పాసుబుక్కు జిరాక్సు పెట్టుకుని దిగింది. "ఇగ మన పని అయినట్టే. లోపల కూసున్నోనివి నువ్వే గద. ఒక్క సంతకం కొట్టరాదు?"

ఎట్లా చెప్పాలిరా? ఆ ఆఫీసులో నా నిండు సంతకానికి విలువ ఉండేది హాజరు పట్టీలో మాత్రమే. నోట్ ఫైలు మీద నేను పెట్టేది పొట్టి సంతకం, అదీ ఎడమవైపు అడుగున. కాగితం నా చేతుల మీదుగా పోయిందని చెప్పడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. ఆ పైన నాయబ్ తహసీల్దార్, ఆ పైన ఎమ్మార్వో సార్, ఇంకా పైన ఆర్డీవో. పైగా భూముల సీటు నాది కాదు. నాది కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ప్రజావాణిలో జనం కలెక్టర్‌కు ఇచ్చే అర్జీల తపాళ్లు. ఇదంతా విని పెద్దమ్మ ఏమందో తెలుసా? "నాకు అబద్దాలు చెప్పకురా. అటెండర్ నీకు చాయ్ తెచ్చిండు, నేను చూసిన."

నువ్వు కూడా నీ ఉత్తరంలో అదే రాశావు. "నీకేందిరా, పదిన్నరకు పోతవు, అయిదింటికి వస్తవు, చచ్చేదాకా పెన్షన్." పెన్షన్ సంగతి మీ అమ్మకు కూడా చెప్పు, ఆమెకు పనికొస్తుంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. బేసిక్, డీఏ కలిపి అందులో పది శాతం నెలనెలా కోస్తారు, సర్కారు తన వాటా వేస్తుంది, ఆ పైసలు మార్కెట్లో పెడతారు. నా బేసిక్ 24,280. రిటైరయ్యేనాటికి మార్కెట్ నవ్వితే నేనూ నవ్వుతాను. ఇక పదిన్నర, అయిదు అంటావా, సర్పంచ్ ఎలక్షన్లప్పుడు పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటికి కౌంటింగ్, ఆ తర్వాత ఉపసర్పంచ్ ఎన్నిక. నేను గులాబీ బ్యాలెట్లు ఒకవైపు, తెల్లవి ఒకవైపు వేరు చేస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి కుక్కలు కూడా మొరగడం మానేశాయి. మా పక్కింటాయన మాత్రం ఇప్పటికీ కనిపిస్తే చాలు గొంతు తగ్గించి "పైన ఎంతొస్తది?" అంటాడు. పైన ఫ్యాన్ గాలి వస్తది, అదీ కరెంటుంటే. ఏదో చెబుతూ ఎక్కడికో పోయాను.

పెద్దమ్మ దగ్గరికొద్దాం. నేనేం చేయలేదని కాదు. 2025 జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెట్టినప్పుడు ఆమె చేత అర్జీ ఇప్పించాను, రసీదు తీసుకున్నాను. భూముల సీటు అన్నను మూడుసార్లు అడిగాను. ఆయన మూడుసార్లూ "చూద్దాం తమ్మీ" అన్నాడు. ఆయన టేబుల్ మీద కాగితాల గుట్ట చూస్తే నాలుగోసారి అడగబుద్ధి కాలేదు. అక్కడే ఆగిపోయాను. అది నా తప్పే.

పోయిన సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. బుధవారం తపాల్ వచ్చింది. అటెండర్ దాన్ని నా ముందు పెట్టి కదలకుండా అక్కడే నిలబడ్డాడు, మీసాల కింద నవ్వుతున్నాడు. నేను మామూలుగానే ఒక్కొక్కటి తీసి రిజిస్టర్‌లో ఎక్కిస్తున్నాను. నాలుగో కాగితం. కలెక్టరేట్ బయట కూర్చుని రాసేవాళ్ల దస్తూరి ఉంటుంది చూడు, గుండ్రంగా, అక్షరాలన్నీ పెళ్లి భోజనం చేసినట్టు. చదువుకుంటూ పోతుంటే: "మా మరిది కొడుకు సదరు ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్నప్పటికీ నా సమస్యను పట్టించుకొనుట లేదు, కావున తమరు దయతలచి..."

పెన్ను అక్కడే ఆగింది. కింద వేలిముద్ర. ఆ వేలు నాకు తెలుసురా. నేను కోచింగ్‌కు పోతానంటే నాయిన తల అడ్డంగా ఊపినప్పుడు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి వచ్చిన పైసల్లోంచి పదిహేను వేలు లెక్కపెట్టి నా జేబులో కుక్కిన చెయ్యి అది.

నంబరు వేసి, ఎమ్మార్వో సార్ దగ్గరికి తీసుకెళ్లాను. అర్జీదారు నాకు దగ్గరి చుట్టం, ఈ ఫైలు నేను చూడడం బాగుండదు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"నీ మీద పెట్టిన అర్జీకి నంబరు నువ్వే వేసుకున్నవా?"

"వేసిన సార్."

"మరి సంజాయిషీ కూడా నిన్ను నువ్వే అడుగుతవా?"

ఆఫీసంతా నవ్వింది. నిజంగానే అరపేజీ రాసిచ్చాను. కంగారులో "సదరు పెద్దమ్మ" అని రాస్తే నాయబ్ సార్ ఎర్ర ఇంకుతో కొట్టేసి "అర్జీదారు" అని దిద్దాడు. ఇప్పుడు ఆఫీసులో నా పేరే సదరు పెద్దమ్మ. నువ్వు మొదలుపెట్టకు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. నేను తొమ్మిది నెలలు నోటిమాటతో కదపలేని ఫైలు ఆ ఒక్క కాగితంతో రెండు రోజుల్లో కదిలింది. విచారణకు నోటీసు తయారైంది. ఊరి జీపీవో, అదే గ్రామ పాలనాధికారి, సెలవులో ఉన్నాడు. "మీ పెద్దమ్మే కదయ్యా, పోతూ పోతూ ఇచ్చి ముట్టినట్టు వేలిముద్ర తీసుకురా" అన్నాడు సార్.

శనివారం పొద్దున పోయాను. తిడుతుందనుకున్నా. ఎప్పుడూ గడప మీదనే కూర్చోబెట్టే మనిషి లోపల్నుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, "ఆఫీసరు వచ్చిండు, కూసో" అంది. నా మీద ఎందుకు పెట్టావని అడిగితే వింతగా చూసింది.

"నీ మీద పెట్టుడేందిరా? మనోడు ఉన్నడని తెలుస్తే జల్ది చేస్తరని నీ సంగతి రాయించిన. రాసేటోడు వద్దన్నడు. యాభై ఎక్కువిచ్చి రాయించిన!"

అర్థమైందా గైడూ? సిఫారసు అనుకుందిరా! నేను మూడు రాత్రులు నిద్రలేకుండా దొర్లింది ఆమె యాభై రూపాయలు పోసి కొన్న సిఫారసుకు. ఇద్దరం పగలబడి నవ్వాం. ఉత్తరం ఇక్కడితో ఆపితే బాగుండేది.

నోటీసు చదివి వినిపించమంది. చదివాను. సర్వే నంబరు, విస్తీర్ణం, విచారణ గురువారం, పక్క పట్టాదారులు కూడా హాజరు కావాలి. ఆ పక్క పట్టాదారు పేరు దగ్గరికి వచ్చాక నా గొంతు తగ్గింది. పెద్దమ్మ సొంత తమ్ముడు. రికార్డులో ఆయన పేరు మీద ఉండాల్సిన దానికన్నా పద్దెనిమిది గుంటలు ఎక్కువ ఉన్నాయి. ఒక సర్వే నంబరులో అందరి భూమి కూడితే మొత్తం సరిపోవాలి కదా. అప్పుడు ఇక్కడ తగ్గింది అక్కడ కలిపి లెక్క కుదిర్చారేమో. సున్నా ఒక్కటే జరిగిందని ఇన్నాళ్లు అనుకున్నాం.

పెద్దమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాఖీకి పోతే చీర పెట్టి, బస్సెక్కించి, బస్సు కదిలేదాకా నిలబడే తమ్ముడురా ఆయన.

"వానికి ఎరుకేనా?" అంది.

నాకేం తెలుసు. సీజను సీజనుకు పైసలైతే పడ్డాయి.

"నాకు రావాల్నంటే వాని దాంట్లకెల్లి తియ్యాల్నా?" నేను తలూపాను. "అట్లయితే గా కాయితం వాపస్ తీసుకోవచ్చా? నువ్వు లోపలోనివి గద, చెప్పు."

ఇన్నాళ్లకు నేను జవాబు చెప్పగలిగే ప్రశ్న అడిగింది. చెప్పడానికి నోరు రాలేదు. తీసుకోవచ్చు. కానీ తీసుకుంటే ఆ పద్దెనిమిది గుంటలు... నువ్వే చెప్పు, నువ్వైతే ఏమనేవాడివి?

వేలిముద్ర వేయలేదు. ఇంకుపెట్టె తెరిచి పట్టుకుని కాసేపు కూర్చున్నాను, తర్వాత మూసేశాను. వచ్చేటప్పుడు సకినాల మూట చేతిలో పెట్టి, "నీ దోస్తుకు కూడా పంపు" అంది. ఈ ఉత్తరంతో పాటు పార్శిల్ చేస్తున్నాను, సగం. మిగతా సగం నీ బిర్యానీ బాకీ కింద జమ.

నువ్వడిగింది మరిచిపోలేదు. ఉన్న ఉద్యోగం మానేసి మళ్లీ నయీంనగర్‌లో రూం తీసుకోనా అన్నావు. దానికి నేను అనేదేమిటంటే, ముందు ఆ రాజీనామా కాగితం... ఆగు, నాయబ్ సార్ పిలుస్తున్నాడు. నోటీసు ముట్టిందా లేదా అని పొద్దున్నుంచి ఇది రెండోసారి. అది ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. వస్తున్నా సార్ అన్నాను, లేవాలి.

నీ
బిట్టుపేపర్