'ఇఫ్' పక్కన 'విల్' వద్దు

సంపాదక మహాశయా,

ఇంగ్లిష్ వ్యాసాలు దిద్దడం నా పని. రేపటి సంగతి రాయమంటే చాలు, విద్యార్థులు ప్రతి క్రియకూ 'విల్' తగిలిస్తారు. 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వుయ్ విల్ స్టే హోమ్' అంటారు. మొదటి భాగంలో 'ఇఫ్ ఇట్ రెయిన్స్' చాలు. 'వెన్', 'అంటిల్' తర్వాత కూడా అంతే. ఇందుకు పిల్లల్ని అనను. కాలాలను 12 గళ్ల పట్టికగా బట్టీ పట్టించేది మనమే, వాక్యంలో అవి ఎలా కలుస్తాయో చూపించనిదీ మనమే.

అసలు చిక్కు ఊహల దగ్గర. 'ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ హెల్ప్ యూ'లో 'హ్యాడ్' కనబడగానే నిన్నటి విషయం అనుకుంటారు. అది ఇప్పటి మాటే: తీరిక లేదు, ఉంటే సాయం చేసేదాన్ని. గడిచిపోయినదానికైతే 'ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ హావ్ హెల్ప్డ్ యూ'. ఆ రెండో 'హ్యాడ్'ను అచ్చుతప్పనుకుని కొట్టేసేవాళ్లున్నారు! ఉద్యోగ దరఖాస్తులో 'ఇఫ్ యూ హైర్ మీ' అంటే జరగొచ్చన్న నమ్మకం ఉంటుంది. 'ఇఫ్ యూ హైర్డ్ మీ' అంటే ఆ ఆశ సన్నగిల్లుతుంది.

మీ ఇంగ్లిష్ శీర్షికలో వారానికి ఒక పేరా అచ్చువేసి, అందులోని షరతు వాక్యాలను విప్పి చెప్పించండి. ఖాళీలు పూరించే అభ్యాసాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

– ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు