కిడ్నీ బాధితుల సహాయార్థం నడక–పరుగు: జమా ఖర్చుల వివరణ

దాతలకు, నడిచినవారికి, పరిగెత్తినవారికి కమిటీ తరఫున నమస్కారాలు. ఫిబ్రవరి 8 ఆదివారం శ్రీకాకుళంలో జరిగిన కార్యక్రమం లెక్కలు జూలై నెలాఖరు వరకు ఇక్కడ ఇస్తున్నాం. మన జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ చేయించుకుంటున్నవారి దారి ఖర్చుల కోసమే ఈ డబ్బు వసూలు చేశాం. ఇంకో పనికి వాడలేదు.

జమ:
ప్రవేశ రుసుము, 212 మంది, మనిషికి 300 చొప్పున: 63,600
కిలోమీటరుకు ఇంత అని రాయించినవారి నుంచి అందినది: 2,38,400
వ్యాపారులు, ఉద్యోగులు, ఊరి పెద్దల చందాలు: 1,46,000
డబ్బాల్లో పడినవి: 11,270
బ్యాంకు వడ్డీ: 930
మొత్తం 4,60,200 రూపాయలు.

ఖర్చు:
బ్యానర్లు, కరపత్రాలు, ఛాతీ నంబర్లు: 14,600
షామియానా, మైకు: 8,500
అంబులెన్సు, నర్సు: 9,000
ఆ రోజు మంచినీళ్లు, మజ్జిగ, అరటిపళ్లు, టిఫిన్లు: 21,350
(టీషర్టులు ఇవ్వలేదని కొందరు చిన్నబుచ్చుకున్నారు. ఆ డబ్బు రోగులకే చేరాలని వద్దనుకున్నాం.)
శిక్షణ: 58,750

గొడవంతా ఈ చివరి అంకె దగ్గరే. "నడవడానికి కూడా ట్రైనింగా మాస్టారూ?" అని నవ్వినవాళ్లున్నారు. కమిటీవాళ్లు ఆదివారం టిఫిన్లకు తగలేశారని అన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ పద్దును విడదీసి చెబుతున్నాం. కోచ్ గారికి పది ఆదివారాలకు 24,000. ఫిజియోథెరపీ శిబిరాలు రెండింటికి 6,000. నీళ్లు మోస్తూ వెనకాల వచ్చిన వ్యానుకు వారానికి 1,300 చొప్పున 13,000. ఓఆర్‌ఎస్, మజ్జిగ, ఐసు, అరటిపళ్లకు 10,650. డిగ్రీ చదివే ఆరుగురు ఆడపిల్లలకు బూట్లు, జత 850 చొప్పున 5,100. వాళ్లు హవాయి చెప్పులతో వచ్చారు. ఆ చెప్పులతో పరిగెత్తమని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఇక అసలు సంగతి. దాతలు రాయించింది కిలోమీటరు లెక్కన. కిలోమీటరుకు 20 రూపాయలు రాయించిన దాత తరఫున నడిచే మనిషి పదో కిలోమీటరు దగ్గర కూలబడితే మనకొచ్చేది 200. కళింగపట్నం దారిలో పెట్టిన 25 కిలోమీటర్లూ పూర్తిచేస్తే 500. ఇంటి నుంచి ఆఫీసుకి బండి మీద తప్ప అడుగు వేయని మనిషి ఒక్కసారిగా అంత దూరం నడవలేడు. శ్రీకూర్మం దారిలో 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ అయితే చెప్పనే అక్కర్లేదు. నవంబరు 23న కోడి రామ్మూర్తి స్టేడియం దగ్గర తెల్లవారుజామున మొదలుపెట్టినప్పుడు సగం మంది అయిదు కిలోమీటర్లకే మోకాళ్లు పట్టుకున్నారు. వారం వారం కొంచెం కొంచెం పెంచుతూ, మధ్యలో ఒక వారం తగ్గించి, చివరి వారం బాగా తగ్గించి కోచ్ గారు వాళ్లను దారికి తెచ్చారు. సంక్రాంతి వారాల్లో హాజరు పల్చబడింది. అరిసెల ముందు ఎవరి మాటా చెల్లదు. రథసప్తమి నాడు అరసవల్లి దారి మనకు దొరకదు కాబట్టి ఆ ఆదివారం సెలవు ఇచ్చాం. చివరికి 212 మందిలో 187 మంది మొత్తం దూరం పూర్తిచేశారు.

ఇంకో మాట. అలవాటు లేనివాళ్లు కాళ్లు లాగితే చేసే మొదటి పని నొప్పి మాత్ర మింగడం. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుంటే కిడ్నీలకు దెబ్బ. కిడ్నీ రోగుల కోసం నడుస్తూ మన కిడ్నీలు పాడుచేసుకోవడం ఏం మర్యాద? ఉత్త నీళ్లే అదే పనిగా తాగినా రక్తంలో ఉప్పు పడిపోతుంది. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలపాలనీ, గ్లాసులో కుమ్మరించుకోకూడదనీ నేర్పడానికే రెండు వారాలు పట్టింది. ఆ రోజు అంబులెన్సు ఎక్కినవారు ఎవరూ లేరు.

రెండో అనుమానం: డబ్బు ఇంకా కమిటీ ఖాతాలోనే ఎందుకుంది? కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో 28 మందికి నెలకు 1,000 చొప్పున ఏడాది పాటు ఇస్తామని తీర్మానించాం. మొత్తం 3,36,000. డయాలసిస్‌కి ఆసుపత్రిలో డబ్బు కట్టనక్కర్లేదు. కానీ వారానికి రెండు మూడు సార్లు ఊరి నుంచి ఆటోలో వెళ్లాలి, నాలుగేసి గంటలు మంచం మీద ఉండాలి, వెంట ఒక మనిషి కూలి మానుకోవాలి. అందుకే ఈ వెయ్యి, అదీ వేడినీళ్లకు చన్నీళ్లే. మార్చిలో ఇవ్వాల్సింది ఏప్రిల్‌లో మొదలైంది. కొందరి బ్యాంకు ఖాతాలు వాడకం లేక ఆగిపోయి ఉన్నాయి, ఆధార్ కలపాల్సి వచ్చింది. జాబితా తయారవుతుండగానే ఒకాయన చనిపోయారు. ఆయన స్థానంలో వరుసలో తర్వాతివారిని చేర్చాం. స్టేజీ మీద పెద్ద చెక్కు పట్టుకుని ఒకేసారి ఇచ్చేస్తే పోయేది కదా అన్నారు కొందరు. ఫొటో బాగుండేది, నిజమే. ఆటోవాడికి మాత్రం ప్రతి నెలా ఇవ్వాలి. జూలై వరకు నాలుగు నెలలకు 1,12,000 జమచేశాం. మిగతా 2,24,000 ముగ్గురి సంతకాలు ఉంటే తప్ప కదలని ఖాతాలో ఉంది.

రాయించినవి మొత్తం 3,11,000. అందులో 72,600 ఇంకా రాలేదు. ఇంకో ఆరుగురికి ఏడాది దారి ఖర్చు అది. నడిచినవాళ్లు మాట నిలబెట్టుకున్నారు. రాయించినవారిలో కొందరికి ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నాం" అంటున్నారు. పేర్లు బయటపెట్టడం కమిటీకి ఇష్టం లేదు. ఆగస్టు 31 లోపు పంపితే సెప్టెంబరు నుంచి కొత్తవారిని చేర్చుకుంటాం.

అన్ని ఖర్చులూ, కేటాయింపూ పోను మిగిలిన 12,000తో వరుసలో ఉన్న ఇంకొకరికి వచ్చే నెల నుంచి ఇస్తాం. రసీదులు, వోచర్లు, బ్యాంకు పుస్తకం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కోశాధికారి గారి దుకాణంలో ఉన్నాయి. సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వ్యాను బిల్లు మీద అనుమానం ఉన్నవారు డ్రైవరుతో కూడా మాట్లాడవచ్చు, ఆయనా అక్కడే ఉంటారు.