కొండల వెన్ను మీద నడిచేవారికి దారి చూపండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది కోనసీమ. ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా అంతా చదునే. మాకు ఎత్తంటే ఏటిగట్టే. మేం ఆరుగురం ఎనిమిదేళ్ళుగా తెల్లవారుజామున ఆ గట్టు మీద నడుస్తున్నాం. చలికాలంలో నెలకో ఆదివారం మాత్రం మారేడుమిల్లి వైపు కొండలకు పోతాం. జలపాతం చూసి బొంగు చికెన్ తిని వచ్చే ప్రయాణం కాదు. ఒక కొండ ఎక్కి, కిందికి దిగకుండా, కొండల్ని పైపైనే కలిపే వెన్ను పట్టుకునే రెండో కొండకు, మూడో కొండకు నడిచి, సాయంత్రానికి అవతలి వైపు దిగుతాం. ఈ నడక అందరికీ కాదు. ఆ సంగతి చెప్పే ఏర్పాటేదీ అక్కడ లేకపోవడం వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత డిసెంబర్‌లో మేం రెండో కొండ మీద ఉండగా ఇరవై మందికి పైగా ఎదురుపడ్డారు. ఎవరో టూర్ నడిపేవాళ్ళు వాట్సాప్‌లో 'అనుభవం ఉన్నవాళ్ళకు మాత్రమే' అని ప్రకటన పెట్టి తీసుకొచ్చారట. ఏం అనుభవం ఉందని మాత్రం ఒక్కరినీ అడగలేదట. కొందరి కాళ్ళకు చెప్పులు, చాలామంది చేతిలో ఒక్క లీటరు సీసా, అదీ ఖాళీ. అప్పటికి టైము మూడున్నర. డిసెంబర్‌లో అయిదున్నరకే పొద్దు గూకుతుంది. ఫోన్లకు సిగ్నల్ లేదు. వాళ్ళను తీసుకొచ్చిన కుర్రాడు పశువుల బాట చూపించి ఇటు దిగిపోదాం అంటున్నాడు. మాతో వచ్చిన కొండరెడ్డి తెగ పెద్దాయన వద్దన్నాడు, అది నిటారు వాగులోకి పోతుందని. ఆయనే వెదుళ్ళు నరికి చేతికర్రలు చేసి ఇచ్చాడు. మోకాళ్ళు పట్టేసిన ఒకావిడను అడుగడుగునా పట్టుకుని దింపాడు. అందరం రోడ్డెక్కేసరికి రాత్రి తొమ్మిది. ఆయన చేతిలో ఆ టూర్ వాళ్ళు పైసా పెట్టలేదు.

వెన్ను మీద నడకలో కష్టం ఎక్కడుందో డెల్టా వాళ్ళకు ఓ పట్టాన తెలియదు. నీళ్ళన్నీ కింద వాగుల్లో ఉంటాయి, పైన చుక్క దొరకదు. మనిషికి మూడు నాలుగు లీటర్లు మోసుకెళ్ళాల్సిందే. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మొదలైతే ఎత్తున నిలబడ్డ మనిషికే పిడుగు భయం ఎక్కువ. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన ఒక లెక్క చెప్పాడు. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఆ లెక్కన 900 మీటర్ల ఎక్కుడున్న 15 కిలోమీటర్ల దారికి నాలుగున్నర గంటలు చాలాలి. మన పొదల్లో, మన ఎండలో మాకు తొమ్మిది గంటలు పడుతోంది. పైగా మా వాళ్ళకు ఊపిరి సరిపోతుంది గానీ, దిగేటప్పుడు మోకాళ్ళు నిలవవు. గట్టు మీద ఎంత నడిచినా దిగడం అలవాటు కాదు కదా. అందుకే మేం పది కిలోల బియ్యం సంచి వీపున వేసుకుని నాలుగంతస్తుల మెట్లు ఎక్కి దిగుతుంటాం.

ఇలాంటి నడకలన్నీ ఆపేయమని నేను అడగడం లేదు. ఆపితే దొంగచాటుగా పోతారు, అది ఇంకా ప్రమాదం. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా నడక బృందాల వాళ్ళు చనిపోయారు. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబర్‌లో 40 దారులను తేలిక, మధ్యస్థం, కఠినం అని విడదీసి, ఆన్‌లైన్ బుకింగ్‌తో, స్థానిక గైడ్లతో తెరిచింది. మన దగ్గరా 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన తర్వాతే బోట్లకు కంట్రోల్ రూములు వచ్చాయి. కొండ మీద కూడా అలాంటి రోజు వచ్చేదాకా ఆగాలా?

పాపికొండల నేషనల్ పార్కు వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అందులోకి అనుమతి లేకుండా పోకూడదు. కాబట్టి అటవీశాఖ, పర్యాటక శాఖ, రంపచోడవరం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కలిసి కూర్చుని ఏ దారి తెరవాలో తేల్చాలి. అంతకంటే ముందు ఆ ఊళ్ళ గ్రామసభలను అడగాలి. అక్కడ వాళ్ళ పోడు పొలాలున్నాయి, దేవతల చోట్లున్నాయి. ఎటు రావద్దంటే అటు వెళ్ళకూడదు, మా సరదా దాని తర్వాతే.

కఠినమైన దారికి వచ్చేవాళ్ళు అదే సీజన్‌లో తేలిక దారి ఒకటి పూర్తి చేసి ఉండాలి. అనుభవం అంటే నా దృష్టిలో అదీ, ఫోన్లో ఉన్న ఫొటోలు కాదు. పొద్దున చెక్‌పోస్టులో పేర్లు, దిగే చోటు రాయించుకోవాలి. సాయంత్రం ఆరింటికి దిగినట్టు కబురు రాకపోతే వెతకడానికి మనుషులు కదలాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు అనుకున్న చోటికి చేరకపోతే, శిఖరం కళ్ళెదుట ఉన్నా, వెనక్కి తిరగాలన్నది రాతపూర్వక నిబంధన కావాలి. ఎనిమిది మందికి ఒక గైడ్ ఉండాలి, ఆ గైడ్ ఆ కొండ మనిషే అయి ఉండాలి. ఆయనకు ప్రథమ చికిత్సలో శిక్షణ, బీమా, ప్రభుత్వం ఖరారు చేసిన కూలీ ఇవ్వాలి. ఆ కూలీ బుకింగ్ అప్పుడే కట్టించుకోవాలి. అడవి ఎండిపోయే ఫిబ్రవరి చివరి నుంచి వానలు పడేదాకా దారి మూసేయాలి.

కార్తీక మాసం రాగానే డెల్టా నుంచి మళ్ళీ బస్సులు బయల్దేరతాయి. ఈలోగా ఒక్క దారికైనా ఈ ఏర్పాట్లు చేయాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అమలాపురం