విధి ఎన్ని గంటలు డ్యూటీ చేసింది?

సంపాదకులకు నమస్కారం.

తెల్లవారుజామున ప్రమాదం జరిగితే చాలు, మన పత్రికల్లో 'మృత్యువై దూసుకొచ్చిన లారీ', 'విధి ఆడిన వింత నాటకం' అనే శీర్షికలు తప్పవు. లారీ దూసుకొచ్చింది, టైరు పేలింది, విధి వక్రించింది. ప్రతి వాక్యంలోనూ కర్త ఉంటాడు గానీ మనిషి కనపడడు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరుకు మూడు సెకన్లు కునుకు పట్టినా 66 మీటర్లు దాన్ని ఆపేవాడు లేనట్టే. ఆ మూడు సెకన్లలో అతనికి ఇచ్ఛ ఉందా అంటే లేదనే చెప్పాలి. నిద్రలో ఉన్నవాడు దేన్నీ ఎంచుకోడు. కళ్లు మండుతున్నా దాబా దగ్గర ఓ టీ తాగేసి మళ్లీ బండెక్కాడే, ఎంచుకున్నది అప్పుడు. అంతకు ముందే, రాత్రంతా నడిపి వచ్చినవాణ్ని వెంటనే ఇంకో లోడుకు పంపిన ఓనరు కూడా ఎంచుకున్నాడు. 2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అనేది. 5 గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. కాబట్టి విలేకరి ముందు అడగాల్సింది, డ్రైవరు ఎన్నింటికి బండెక్కాడని.

'మద్యం మత్తులో' అన్న మాట సగం తప్పు సీసా మీదికి నెడుతుంది. చట్టం ఒప్పుకోదు. మత్తు పదార్థం తనకు తెలియకుండానో, ఇష్టం లేకుండానో ఎక్కించి, ఏం చేస్తున్నాడో తెలియని స్థితిలో ఉంటేనే భారతీయ న్యాయ సంహిత 23వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. తానే తాగితే, తాగనివాడికి ఉండే తెలివిడి అతనికీ ఉన్నట్టే 24వ సెక్షన్ లెక్క. మలుపులో స్టీరింగు చేయి దాటిపోయిందేమో, గ్లాసైతే తన చేత్తోనే ఎత్తాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే మొదటిసారికే 6 నెలల వరకు జైలో, 10 వేల జరిమానానో, రెండూనో.

'క్షణికావేశం' కూడా అంతే, ఆ క్షణం ఎంతసేపో ఎవరూ రాయరు. భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో సుప్రీంకోర్టు 1961లో గడియారం చూసింది. భార్య తన సంబంధం గురించి చెప్పడానికీ కాల్పులకూ మధ్య సుమారు మూడు గంటలు గడిచాయి, మనసు కుదుటపడడానికి అది చాలంది.

అన్నట్టు, కర్మ అంటే చేసిన పని. మనం మాత్రం ఎవరూ ఏమీ చేయలేదని చెప్పడానికి వాడుతున్నాం.

కోర్టు తేల్చకముందే డ్రైవర్ని దోషిని చేయమని కాదు. బయల్దేరిన వేళ, మధ్యలో ఆగిన చోట్లు, టైర్ల స్థితి, యజమాని జవాబు అడిగి రాయండి. జవాబు రాకపోతే 'డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడో యజమాని చెప్పలేదు' అని రాయండి. 'విధి వక్రించి' తీసేస్తే ఆ వాక్యానికి చోటు దొరుకుతుంది.

– ఒక న్యాయవాది, ఒంగోలు