కొత్త అమావాస్య రాత్రి శ్మశానానికి వెళ్తానన్నావు

గుణుపురం

చిరంజీవి అమ్మలుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఉగాది సెలవులకు స్నేహితులను వెంటబెట్టుకొని వస్తున్నావనీ, ముందురోజు కొత్త అమావాస్య రాత్రి కొండదారిలోని సవర ఊరి శ్మశానంలో గడిపి, అక్కడ దయ్యాలు లేవని వీడియో తీసి చూపిస్తారనీ నిన్న ఫోన్‌లో చెప్పావు. ఫోన్‌లో వాదనకు దిగితే ఇద్దరికీ కోపమే మిగులుతుంది కనుక కాగితం మీద పెడుతున్నాను. గాలి సోకుతుంది, వద్దు అని మీ నాయనమ్మ చెప్పే మాట నేను చెప్పను. ఆరోగ్య కార్యకర్తగా కొండ ఊళ్ళలో తిరిగిన రోజుల్లో, కాన్పు చేయించి అపరాత్రి వేళ ఆ శ్మశానం పక్కనుంచే ఇంటికి వచ్చేదాన్ని. నాకు ఎదురుపడినవి నక్కలు, గుడ్లగూబలు మాత్రమే.

ఆ శ్మశానంలో రాత్రిపూట కదులుతాయని బస్సు వాళ్ళు కథలుగా చెప్పే దీపాల సంగతి ముందు విను. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి. నేల మీద పడ్డ పువ్వు ఎండుటాకుల్లో కలిసిపోకుండా చెట్టు మొదట్లో ముందుగానే ఆకులు తగలబెడతారు. ఆ నిప్పు రాత్రంతా రగులుతూనే ఉంటుంది. శ్మశానం అంచున పెద్ద ఇప్పచెట్లు ఉన్నాయి. చీకటితోనే బుట్ట పట్టుకొని ఆడవాళ్ళు అక్కడికి చేరతారు. కింద రోడ్డు మీద వెళ్ళే డ్రైవరుకు అవే కొరివి దయ్యాలు.

ఆ చోటు నువ్వు అనుకున్నట్టు పాడుబడిన చోటు కూడా కాదు. ఒక పక్క క్రైస్తవుల సమాధులు, సున్నం వేసిన సిలువలు ఉన్నాయి. మరో పక్క నిలబెట్టిన రాళ్ళున్నాయి కదా, అవి చనిపోయినవాళ్ళ పేరున ‘గువార్’ అనే కర్మ జరిపి, దున్నపోతులను బలి ఇచ్చి, ఆ వంశంవాళ్ళు తమ పూర్వుల రాళ్ళ సరసనే పాతిన రాళ్ళు. ఆ కర్మ జరిగేదాకా పోయినవాళ్ళ సోనుమ్‌కు, అంటే ఆత్మకు, నెమ్మది ఉండదని, ఇంట్లోవాళ్ళకు జబ్బులు తెస్తుందని పాతతరం సవరల నమ్మకం. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు నూరేళ్ళకు పూర్వమే వాళ్ళ భాష నేర్చుకొని, తరవాత దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మనమేమో సంతలో చింతపండు బేరమాడటానికి చాలినన్ని మాటలతోనే బతికేస్తున్నాం.

ఇక నేను నిజంగా భయపడే విషయం. ఒక ఏడాది ఎండలు ముదిరాక ఆ ఊళ్ళో, నేల మీద చాప వేసుకొని పడుకున్న పిల్ల తెల్లవారేసరికి కనురెప్పలు ఎత్తలేకపోయింది. మాట ముద్దగా వచ్చింది, మింగుడు పడలేదు. కాటు కనిపించలేదు, వాపు లేదు. శ్మశానం గాలి అని గుణియాను, అంటే మంత్రగాణ్ణి, పిలిచారు. అది కట్లపాము కాటు. ఆ పాము రాత్రివేళే తిరుగుతుంది, కరిచినా చాలాసార్లు నొప్పి తెలియదు, విషం నరాలను పట్టి చివరకు ఊపిరి ఆడే కండరాలను కూడా చచ్చుబడేస్తుంది. విషానికి విరుగుడు ఇంజెక్షనూ, అవసరమైతే కృత్రిమ శ్వాసా తప్ప ఏ మంత్రమూ పనికిరాదు. 108 బండిలో ఎక్కించి పంపాం, బతికింది.

అయితే ఆ ఇంజెక్షన్ పని చేసేలోపే ఊళ్ళో ఇంకొక పని జరిగిపోయింది. చీకటితో శ్మశానం పక్కన తిరిగేదెవరని గుణియా అడిగాడు. ఇప్పపూలు ఏరుకునే ఒక వితంతువు పేరు బయటికి వచ్చింది. చిల్లంగి పెట్టిందన్నారు, అంటే చేతబడి చేసిందని. పిల్ల లేచి తిరిగినా ఆ మాట పోలేదు. ఆమె పుట్టింటి ఊరికి వెళ్ళిపోయింది, ఆ చెట్టు కింద పువ్వు వేరేవాళ్ళు ఏరుకున్నారు. ప్రాణాలతో బయటపడింది, అదే నయం. మన రాయగడ జిల్లాలోనూ పక్క గజపతిలోనూ చిల్లంగి అనుమానంతో మనుషులను చంపిన కేసులు ఉన్నాయి. ఇలాంటి దాడుల మీద ఒడిశా ప్రభుత్వం 2013లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది.

ఇప్పుడు నీ వీడియో సంగతి ఆలోచించు. దయ్యం లేదని మీరు చివర్లో ఎంత గట్టిగా చెప్పినా, ఊరి పేరు, శ్మశానం, అమావాస్య, చీకట్లో కదిలే దీపం, ఇవే జనానికి గుర్తుంటాయి. మీరు బండెక్కి విశాఖ వెళ్ళిపోతారు. మర్నాడు ఎవరికైనా జ్వరం వస్తే, రాత్రి రాళ్ళ దగ్గర మసిలిన వాళ్ళెవరని వెతుకుతారు. మీరు దొరకరు, పువ్వు ఏరుకునే ఏ ఒంటరి ఆడదో దొరుకుతుంది. ఒకవేళ మీరే దొరికితే, చీకట్లో సమాధుల మధ్య కనిపించిన కొత్త ఆడపిల్ల ఎవరో, ఎందుకు వచ్చిందో అడిగి తెలుసుకునే ఓపిక అందరికీ ఉండదు. ఎవరి మనసైనా నొచ్చుతుందని తెలిసీ శ్మశానంలోకి చొరబడితే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు కూడా ఉంది. కానీ దాన్ని నేను చివరి కారణంగానే చెబుతున్నాను.

చూడాలన్న కోరిక తప్పు కాదు కాబట్టి ఒక దారి చెబుతాను. పండగ వెళ్ళాక పగలు నాతో రండి. ముందు ఊరి పెద్ద గమాంగ్ ఇంటికి వెళ్దాం. నేను తెలిసినదాన్నే కనుక కాదనడు, తనే వెంట వచ్చి ఏ రాయి ఎవరిదో చెబుతాడు. ఫోటో తీయవచ్చునో లేదో ఆయనను అడిగి తీయండి. ఊరి పేరు మాత్రం ఎక్కడా పెట్టవద్దు. ఇప్పచెట్ల కింద నిప్పు చూడాలంటే ఆయన ఇంట్లోవాళ్ళతోనే తెల్లవారుజామున వెళ్దాం. అందరూ పాదాలు కప్పే బూట్లు, మంచి టార్చి తెచ్చుకోండి. ఆకుల్లో చెయ్యి పెట్టకండి.

మీ స్నేహితుల్లో మాంసం తినని వాళ్ళెందరో రాయి, వంట దాన్నిబట్టి చూసుకుంటాను. బండి దిగే రోజు ముందే చెబితే స్టేషనుకు నాన్న వస్తారు.

ఆశీస్సులతో,
అమ్మ